జాబ్ కార్డులో ఏమని రాశారు? కొత్త స్పోర్ట్స్ కారు రీకాల్‌లో నా అనుభవం

వాసన మొదట పసిగట్టింది మా ఆవిడ. కారు ఇంటికొచ్చి పదకొండు రోజులైంది. ఆదివారం పొద్దున మహాబలిపురం దాకా వెళ్లొచ్చి, పోరూరులోని మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో బండి పెట్టి లిఫ్ట్ కోసం నిలబడ్డాం. లిఫ్ట్ పై అంతస్తులో ఎక్కడో ఆగిపోయింది. ఓ ఐదు నిమిషాలయ్యాక, "పెట్రోల్ వాసన వస్తోంది, మన బండేనా?" అంది. వెనక్కి వెళ్లి బానెట్ దగ్గర వంగి చూశాను. నిజమే. ఘాటుగా లేదు, బంకులో కారు దిగినప్పుడు ముక్కుకు తగిలేంత ఉంది. దారిలో రెండు గంటలపాటు ఎక్కడా రాలేదు. ఇంజిన్ ఆపాకే వచ్చింది.

ఈ కారు కోసం నేను ఎనిమిదేళ్లు ఎదురుచూశాను. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, విదేశంలో తయారై ఓడలో వచ్చింది. మన దేశానికి వచ్చిన తొలి బ్యాచ్‌లో నాదీ ఒకటి. తమిళనాడులో 20 లక్షలు దాటిన కారుకు లైఫ్ ట్యాక్సే 20 శాతం. దానిపైన నెలకు లక్ష దాటే ఈఎంఐ. కంపెనీ పేరు, మోడల్ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను శ్రీపెరుంబుదూరులో, కార్ల కంపెనీలకు విడిభాగాలు చేసి ఇచ్చే ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం చూస్తాను. ఇరవై ఒక్క ఏళ్లుగా ఎవరెవరి బండ్లలోనో పాడైన భాగాలు నా టేబుల్ మీదకు వచ్చాయి. ఈసారి నా సొంత బండి వంతు వచ్చింది.

మర్నాడే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. అడ్వైజర్ చాలా మర్యాదగా మాట్లాడాడు. కాఫీ ఇచ్చాడు. "కొత్త బండి కదా సార్, ఎగ్జాస్ట్ మీద కోటింగ్ కాలుతుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగితే పోతుంది" అన్నాడు. కోటింగ్ కాలే వాసన నాకు తెలుసు, అది నూనె మాడినట్టుంటుంది. ఇది పెట్రోల్. ఆ మాటే చెప్పాను. తల ఊపాడు, బండి లోపలికి తీసుకెళ్లారు, గంట తర్వాత కడిగి తుడిచి తెచ్చిచ్చారు. "అంతా ఓకే సార్." సంతకం పెట్టి ఇంటికొచ్చేశాను.

మా నాన్న నెల్లూరు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఆ రాత్రి ఫోన్‌లో సంగతి చెబితే ఆయన వాసన గురించి ఏమీ అడగలేదు. "కాగితంలో ఏమని రాశారు?" అన్నారు. జాబ్ కార్డు, అంటే సర్వీస్ సెంటర్‌లో మన ఫిర్యాదు రాసుకునే కాగితం, తీసి చూశాను. 'జనరల్ చెకప్' అని ఉంది. చదివి వినిపించాను. "అయితే నువ్వు వెళ్లనట్టే లెక్క" అన్నారు. డిపోలో డ్రైవర్ బస్సు దిగగానే బండిలో ఏం తేడా ఉందో రాసిచ్చి వెళ్లాలి, నోటితో చెప్పింది తెల్లారేసరికి గాలికి పోతుంది, రాసింది మాత్రం ఎవరో ఒకరు చూసి సంతకం పెట్టేదాకా ఆ పేజీలోనే ఉంటుంది అని ఆయన నా చిన్నప్పటి నుంచి చెప్పే మాట. నా ఉద్యోగం మొత్తం ఆ సూత్రం మీదే నడుస్తోంది. అయినా నా బండి దగ్గరికొచ్చేసరికి చూసుకోకుండా సంతకం పెట్టాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి కాగితం మీద వాక్యం ముందే రాసుకెళ్లాను: "అరగంట నడిపి ఇంజిన్ ఆపాక, ఐదు నుంచి పది నిమిషాల మధ్య, బానెట్ ఎడమ పక్క పెట్రోల్ వాసన. నడుస్తున్నప్పుడు లేదు." ఉన్నదున్నట్టు ఇదే కంప్యూటర్‌లో ఎక్కించమన్నాను. అడ్వైజర్‌కు ఇబ్బందిగా అనిపించింది. 'ఫ్యూయల్ స్మెల్' అని రెండు మాటలు కొట్టబోయాడు. వద్దన్నాను, మొత్తం కావాలన్నాను, ఎక్కించేదాకా కౌంటర్ దగ్గరే నిలబడ్డాను. బండి ఒక రాత్రి అక్కడే ఉంచుకున్నారు. పొద్దున 'లీకేజీ కనిపించలేదు' అని ఇచ్చేశారు. కానీ ఆ వాక్యం సిస్టమ్‌లోకి వెళ్లింది, నాకు కావలసింది అదే. ఫ్యాక్టరీలో మా దగ్గరకు వచ్చే ఫిర్యాదులన్నీ ఏదో ఒక ఊరి సర్వీస్ సెంటర్‌లో ఎవరో ఒకరు కొట్టిన వాక్యాలే. 'జనరల్ చెకప్' అని ఉన్న కార్డును ఏ ఇంజినీరూ తెరిచి చూడడు. ఎన్ని నిమిషాలకు, ఏ పక్క అని ఉంటే తెరుస్తాడు.

ఆపాకే వాసన ఎందుకంటే, బండి నడుస్తున్నంతసేపూ ఎదురుగాలి ఇంజిన్‌ను చల్లబరుస్తుంది, వచ్చిన ఆవిరిని లాక్కుపోతుంది. ఆపిన తర్వాత గాలి ఉండదు, లోపలి వేడి కాసేపు పెరుగుతుంది. ఇలాంటి ఇంజిన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి కొడుతుంది కాబట్టి దాన్ని తీసుకెళ్లే సన్నటి ఉక్కు పైపులో ఒత్తిడి 200 బార్, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. టైర్లో మనం కొట్టించే గాలి రెండున్నర బార్ కూడా ఉండదు. ఇంజిన్ ఆపినా ఆ ఒత్తిడి వెంటనే దిగదు. జాయింట్ దగ్గర నట్టు వెంట్రుకంత వదులైనా చాలు.

కారు వచ్చిన ఇరవై నాలుగో రోజు, రాత్రి భోజనం చేస్తుండగా ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. కంపెనీ యాప్‌లోనూ అదే. మీ చాసిస్ నంబరు సేఫ్టీ రీకాల్ (భద్రతా లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి సరిచేయడం) పరిధిలో ఉంది, వాహనాన్ని నడపవద్దు, స్టార్ట్ చేయవద్దు, భవనాలకు దూరంగా ఆరుబయట పార్క్ చేయండి అని సారాంశం. చాసిస్ నంబరంటే ఆర్సీలో ఉండే 17 అక్షరాలు, అంకెలు. అందులో ఆంగ్ల అక్షరాలు ఐ, ఓ, క్యూ ఉండవు, ఒకటితోనూ సున్నాతోనూ పొరబడకుండా ఆ ఏర్పాటు. ఆర్సీ తెచ్చి ఒక్కో అక్షరం వేలు పెట్టి సరిచూసుకున్నాను. నాదే. అధిక ఒత్తిడి ఇంధన పైపు జాయింట్ సరిగా బిగించి ఉండకపోవచ్చు, మంటలు రేగే ప్రమాదం ఉంది అని రాశారు. పోస్టులో ఉత్తరం ఆరు రోజుల తర్వాత వచ్చింది. ఫోన్ నంబరు మార్చుకున్నవాళ్లు, బండి చేతులు మారినవాళ్లు ఆ ఉత్తరం కోసమే ఆగాలంటే ఎంత ప్రమాదమో అప్పుడు అర్థమైంది.

చదవడం అయ్యాక మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బండి బేస్‌మెంట్‌లో ఉంది. పైన పద్నాలుగు అంతస్తులు. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, కిందనే పేరుకుంటుంది. నడపకూడదు, కానీ అక్కడ ఉంచకూడదు. ఆ రెండు వాక్యాలూ ఒకే నోటీసులో ఉన్నాయి.

ముందు అసోసియేషన్ సెక్రటరీ తలుపు తట్టాను. దాచిపెట్టి గుట్టుగా బయటికి తీసేద్దామన్న ఆలోచన ఒక్క క్షణం కూడా రానివ్వలేదు. నా పక్క స్లాట్ వాళ్ల పిల్లలు సాయంత్రాలు అక్కడే సైకిళ్లు తొక్కుతారు. ఆయన నోటీసు చదివి, కోప్పడకుండా, వెంటనే బేస్‌మెంట్ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేయించారు. వాచ్‌మన్ చుట్టుపక్కల ఆరు కార్ల వాళ్లకు ఫోన్లు చేశాడు. మూడో అంతస్తులో ఉండే విజయవాడ ఆంటీ నైటీ మీద చున్నీ వేసుకుని దిగొచ్చి, "నువ్వు ముందు ఆ కారు దగ్గర నుంచి ఇవతలికి రా నాయనా, అది పోతే పోయింది" అని గట్టిగా అరిచింది. ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

కంపెనీ హెల్ప్‌లైన్ ఫ్లాట్‌బెడ్ లారీని పంపింది. రాత్రి పదకొండు దాటాక వచ్చింది. లారీ బేస్‌మెంట్‌లోకి పట్టదు. ర్యాంప్ పైనే ఆపి, బండిని లాగే విన్చ్ తాడు కిందికి వదిలారు. వచ్చిన ఇద్దరు టెక్నీషియన్లలో ఒకతను గూడూరు అబ్బాయి. నా యాస విని, "నెల్లూరా అన్నా?" అన్నాడు. అతని పనితనం నేను మర్చిపోలేను. కారుకు ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్. అది వదలాలంటే ఇగ్నిషన్ ఆన్ చేయాలి. ఆన్ చేస్తే ట్యాంకులోని పెట్రోల్ పంపు తిరిగి లైనులోకి ఇంధనం తోస్తుంది. అందుకని అతను ముందు ఫ్యూజ్ బాక్స్ తెరిచి, పంపు ఫ్యూజు పీకి, నా అరచేతిలో పెట్టి "ఇది మీ దగ్గరుంచండి" అన్నాడు. ఆ తర్వాతే ఇగ్నిషన్ ఆన్ చేసి, న్యూట్రల్‌లోకి వేసి, బ్రేకు వదిలాడు. డిక్కీలోని టూల్ కిట్ నుంచి కొక్కెం తీసి ముందు బంపర్‌లో బిగించాడు. ఇంజిన్ లేకుండా స్టీరింగ్ రాయిలా ఉంటుంది, బ్రేకు రెండు మూడు సార్లు తొక్కితే గట్టిపడిపోతుంది. అందుకే అతనొక్కడే లోపల కూర్చున్నాడు. నేను మంటలార్పే సిలిండర్ పట్టుకుని పక్కనే నడిచాను. ర్యాంప్ అంచు దగ్గర ముందు బంపర్ కింది అంచు గీరుకోకుండా చెక్కలు వేశాం. నలభై అడుగుల దూరానికి ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. బండి లారీ ఎక్కాక ఆ ఫ్యూజు తిరిగిచ్చేశాను. అరచేతిలో దాని అచ్చు పడి ఉంది.

తర్వాత పంతొమ్మిది రోజులు ఎదురుచూపు. పైపు విదేశం నుంచి విమానంలో రావాలి, కస్టమ్స్ దాటాలి. ఈఎంఐ తేదీ మాత్రం ఆగదు. మొదటి రెండు రోజులు ఫోన్లోనే అడిగాను, "చూస్తాం సార్" అన్నారు. మూడో రోజు మెయిల్ పెట్టాను: మీరే నడపవద్దన్నారు కాబట్టి, బండి తిరిగిచ్చేదాకా ప్రత్యామ్నాయ వాహనం ఇవ్వండి, ఎప్పటికల్లా ఇస్తారో తేదీ రాయండి అని. ఐదో రోజుకు ఒక సెడాన్ వచ్చింది. అడగని వాళ్లకు రాలేదని తర్వాత తెలిసింది. ఇది సరైన పద్ధతని నేననుకోను. అందరికీ ఒకేలా ఇవ్వాలి.

ఆఫీసులో, బంధువుల్లో ఒకటే మాట. "అంత డబ్బు పోసి ఇదేంటి?" హైదరాబాద్‌లో లాయర్‌గా ఉన్న మా బావమరిది ఫోన్ చేసి, "కేసు వేద్దాం బావా, సరుకుకు చెల్లించింది 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్, దాటితే 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చెయ్" అన్నాడు. వాడి ప్రేమ నాకు తెలుసు. కానీ రీకాల్ ప్రకటించినందుకు కేసు వేయాలని నాకు అనిపించలేదు. వేయాల్సి వస్తే 'అంతా ఓకే సార్' అన్న రోజు గురించి వేయాలి.

కొత్త మోడల్ తొలి బ్యాచ్‌లలో లోపాలు ఎందుకు బయటపడతాయో లోపల పనిచేసేవాళ్లకు తెలుసు. పరీక్షల కోసం చేసే మొదటి బండ్లను చేయి తిరిగినవాళ్లు, తీరిగ్గా బిగిస్తారు. లైన్ మొదలయ్యాక అదే నట్టును కొత్తగా నేర్చుకున్న మనిషి, గడియారంతో పోటీపడి బిగిస్తాడు. భాగాలు పోసే అచ్చులు మారతాయి, సప్లయర్ల దగ్గర కూడా ఇదే జరుగుతుంది. స్పోర్ట్స్ కారుకు ఇంకో చిక్కుంది. నెలకు 15,000 అమ్ముడయ్యే కారులో వెయ్యికి ఒకటి చొప్పున లోపం ఉంటే మొదటి నెల్లోనే పదిహేను బండ్లు కనబడతాయి, వారంలో ఎవరో ఒకరు పట్టుకుంటారు. నెలకు ఇరవై అమ్ముడయ్యే దానిలో ఆ ఒక్కటి బయటపడటానికి నాలుగేళ్లు పట్టొచ్చు. అందుకే తక్కువ సంఖ్యలో వచ్చే కార్లలో ఒక్కో యజమాని రాసే ఒక్కో వాక్యానికి అంత విలువ.

పెద్ద పేర్లకూ ఇది తప్పలేదు. 2014లో పోర్షే 911 జీటీ3 కొత్తగా వచ్చినప్పుడు రెండు కార్లు తగలబడితే, కంపెనీ యజమానులందరినీ నడపడం ఆపేయమంది. ఇంజిన్‌లో పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ బోల్టు వదులై ఇంజిన్ కేసును పగలగొట్టడం, కారిన ఆయిల్ అంటుకోవడం కారణమని తేల్చి, 785 కార్లకూ ఇంజిన్లే మార్చింది. అంతకుముందు 2010లో ఫెరారీ 458 ఇటాలియాలో వెనక చక్రం పైనుండే కవచాన్ని అతికించిన జిగురు వేడికి అంటుకుంటోందని 1,200కు పైగా కార్లను వెనక్కి పిలిచి, జిగురు తీసేసి లోహపు బిగింపులు పెట్టారు. ఒకచోట బోల్టు, ఒకచోట జిగురు. నా బండిలో నట్టు. ఎంత ఖరీదైన ఇంజిన్ అయినా ఆఖరికి ఒక మనిషి ఒక చిన్న వస్తువును ఎలా బిగించాడన్న దగ్గరికే వస్తుంది.

మన దేశంలో ఇది చాలాకాలం కంపెనీల ఇష్టానికే ఉండేది. 2012 జూలైలో తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛందంగా ఒక నియమావళి పెట్టుకుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ సెక్షన్ తెచ్చాక, ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశించే అధికారం వచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి నిబంధనలు అమలయ్యాయి. ఏడేళ్ల లోపు వాహనాలకు ఇది వర్తిస్తుంది. తయారీదారుకైనా, దిగుమతి చేసినవాడికైనా జరిమానా కోటి రూపాయల దాకా ఉండొచ్చు. యజమానులు ఫిర్యాదు చేయడానికి ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో ఏర్పాటుంది. నా రీకాల్ కంపెనీ తనంతట తాను ప్రకటించింది. అయినా నేను పోర్టల్‌లో నా రెండు జాబ్ కార్డులూ జతచేసి ఫిర్యాదు పెట్టాను. లెక్కలో పడాలి కదా.

ఇరవయ్యో రోజు పైపు వచ్చింది. నేను పనిచేస్తుండగా చూస్తానని ముందే రాసిచ్చాను, ఒప్పుకున్నారు. గూడూరు అబ్బాయే చేశాడు. పైన కవరు తీసి టార్చి వేసి, "ఇటు రండన్నా" అన్నాడు. నట్టు మీద నుంచి పక్కనున్న అధిక ఒత్తిడి పంపు ఒంటి మీదకు అడ్డంగా ఒక పసుపు గీత ఉంది. మా ఫ్యాక్టరీలో కూడా బిగించాల్సిన ప్రతిచోటా టార్క్ గన్ (కొలిచిన బిగువుకు నట్టు బిగించే పరికరం) పచ్చలైటు చూపించాక మా అమ్మాయిలు ఇలాంటి గీతే పెయింట్ మార్కర్‌తో గీస్తారు. బిగించాం, చూశాం అని దాని అర్థం. నట్టు కదిలితే గీత రెండు ముక్కలై పక్కకు జరుగుతుంది. నా బండిలో గీత చెక్కుచెదరలేదు. సూటిగా, అందంగా ఉంది. అంటే నట్టు తర్వాత వదులు కాలేదు. సరిగా బిగించకముందే ఎవరో గీత గీసేశారు.

చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఊడిన నట్టును చూసి ఉంటే ఇంత బాధ కలిగేది కాదు. చూడకుండానే చూశామని చెప్పే గీత అది. ఆ రాత్రి నా షిఫ్ట్ వాళ్లతో ఫోన్‌లో గంటసేపు మాట్లాడాను. గీత గీసే మనిషి, బిగించే మనిషి వేరువేరుగా ఉండాలని అప్పటికే మా దగ్గర నియమం ఉంది. రాత్రి షిఫ్ట్‌లో మనుషులు తక్కువైనప్పుడు అది పాటిస్తున్నామా అని అడిగాను. అవతల కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మర్నాటి నుంచి మార్చాం.

ఆ పైపు ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు, జాయింట్ దగ్గర లోహం లోహానికి ఒత్తుకుని ఆకారం మారిపోతుంది. కొత్తది పెట్టి, టార్క్ రెంచ్ క్లిక్ మనేదాకా బిగించి, ఇంజిన్ వేడెక్కించి, ఆపి, గ్యాస్ పసిగట్టే మీటర్ ముక్కు జాయింట్ చుట్టూ తిప్పాడు. పది నిమిషాలకోసారి, మూడుసార్లు. తర్వాత తెల్ల మార్కర్‌తో కొత్త గీత గీశాడు. రీకాల్ పని పూర్తయిందని క్యాంపెయిన్ నంబరు, చాసిస్ నంబరు, తేదీ ఉన్న కాగితం అడిగి తీసుకున్నాను. రేపు బండి అమ్మితే కొనేవాళ్లు అడిగేది అదే. రీకాల్ ఉందన్న సంగతి దాచిపెట్టినా దాగదు. పని చేయించామన్న కాగితమే విలువ నిలబెడుతుంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. నవంబర్ వానలు మొదలయ్యాయి.

మద్రాసు వాన తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, పట్టిందంటే మూడు రోజులు వదలదు. ఒక పొద్దున డ్రైవర్ సీటు కింద కార్పెట్ మీద కాలు పెడితే చెప్పులో నుంచి నీళ్లు చిమ్మాయి. ఈ కార్ల డోర్ అద్దానికి చుట్టూ ఫ్రేమ్ ఉండదు. తలుపు తీసినప్పుడు అద్దం కొన్ని మిల్లీమీటర్లు కిందికి దిగి, వేశాక పైకెక్కి రబ్బరు బీడింగ్‌కు ఒత్తుకోవాలి. ఒత్తుకోకపోతే నీళ్లే. సర్వీస్ సెంటర్‌లో మళ్లీ పాత పాటే, "స్పోర్ట్స్ కార్లో కొంచెం ఇలాగే ఉంటుంది సార్." దీనికి రీకాల్ లేదు, ఉండదు కూడా. తడిసిన కార్పెట్ ప్రాణం తీయదు కాబట్టి భద్రత లెక్కలోకి రాదు. ఇలాంటి వాటిలోనే యజమాని ఒంటరివాడవుతాడు.

ఈసారి అడ్వైజర్ ఎదుటే జేబులోంచి వంద నోటు తీశాను. అద్దానికీ బీడింగ్‌కూ మధ్య పెట్టి తలుపు వేసి లాగాను. వెనక మూల నుంచి మొదలుపెట్టి ముందుకు, జానెడు జానెడు దూరంలో. వెనక నోటు చిరిగేంత బిగువుగా ఉంది. అద్దం ముందు మలుపు దగ్గరకొచ్చేసరికి వెన్నలో కత్తిలా వచ్చేసింది. ఆ చోట మాస్కింగ్ టేపు ముక్క అంటించి ఫోటో తీశాను. "డ్రైవర్ తలుపు, ముందు పై మూల, బీడింగ్ ఒత్తుకోవడం లేదు, ఫోటో జతచేశాం" అని జాబ్ కార్డులో రాయించాను. మొదటిసారి అద్దం సర్దారు, కారింది. రెండోసారి బీడింగ్ మార్చారు, కారింది. మూడోసారి కంపెనీ ప్రాంతీయ ఇంజినీరు వచ్చి, గంటసేపు పైపుతో నీళ్లు కొట్టి చూసి, ఇంకో బీడింగ్ తెప్పించాడు.

కొత్త ప్యాకెట్ మీద లేబుల్ చూశాను. పార్ట్ నంబరు అంకెలన్నీ అవే. చివర ఏ అనే అక్షరం ఉన్నచోట సీ ఉంది. అంటే మధ్యలో బీ కూడా ఒకటి వచ్చి వెళ్లింది. మా వృత్తిలో చివరి అక్షరం మారిందంటే డ్రాయింగ్ మారిందని అర్థం, ఏదో తప్పు దిద్దుకున్నారని అర్థం. 'ఇలాగే ఉంటుంది సార్' అని నాతో అన్న రోజుకే అక్కడెక్కడో ఒక ఇంజినీరు దాన్ని ఒకసారి కాదు, రెండుసార్లు దిద్దాడన్నమాట. ఆ ఇంజినీరు మీద నాకు గౌరవమే కలిగింది. ఆ మాట కౌంటర్ దాకా రానివ్వని పద్ధతి మీదే నా కోపం. పాత ప్యాకెట్, కొత్త ప్యాకెట్ రెండు లేబుళ్లూ చించి ఫైలులో పెట్టుకున్నాను. ఆ తర్వాత కార్పెట్ తడవలేదు.

ఫిబ్రవరిలో రెండో రీకాల్ వచ్చింది, సీటు బెల్టు బోల్టు తనిఖీ. ఈసారి మా ఆవిడ కంగారుపడలేదు, నేనూ పడలేదు. పావుగంట పని, కాగితం తీసుకుని వచ్చేశాను. 2019లో టొయోటా కొత్త సుప్రాను సీటు బెల్టు లోపం మీద రీకాల్ చేసినప్పుడు ఆ బండ్లు మొత్తం ఏడంటే ఏడు. ఏడు కార్లకు కూడా నోటీసు పంపించే పద్ధతి ఉండటం మంచిదే. అలా పంపే కంపెనీ బండిని చూసి నవ్వేవాళ్లతో నేనిప్పుడు గట్టిగానే వాదిస్తున్నాను.

ఉగాదికి నెల్లూరు వెళ్లాం. తడ దాటి సూళ్లూరుపేట టోల్ గేటు తర్వాత రోడ్డు సాఫీగా ఉంది, బండి ఎంత బాగా పోతుందో అప్పుడు తెలిసింది. అన్ని నెలల తర్వాత టెన్షన్ లేకుండా నడిపిన మొదటి గంట అది. ఇంటి ముందు ఆపగానే నాన్న పలకరింపు కూడా కాకముందే బానెట్ తీయమన్నారు. కళ్లజోడు సవరించుకుని, నా ఫోన్ టార్చి పట్టుకుని, ఆ తెల్ల గీత ఎక్కడుందో చూపించమన్నారు. చూపుడు వేలు గోటితో నట్టు మీద నుంచి పంపు దాకా గీత వెంట మెల్లగా నిమిరారు. పది నిమిషాలు అక్కడే నిలబడ్డారు, వాసన కోసం. రాలేదు. "ఆ గూడూరు పిల్లాడి పేరేంటి?" అని అడిగి, బానెట్ మూసి, లోపలికి నడిచారు.

తిరుగు ప్రయాణంలో వేగం తొంభై దాటాక కుడి తలుపు అద్దం దగ్గర సన్నగా ఈల వేసినట్టు శబ్దం వచ్చింది. మా ఆవిడ కూడా విన్నది. సూళ్లూరుపేట దగ్గర టీకి ఆగినప్పుడు రాసుకున్నాను: "కుడి తలుపు, 90 దాటాక ఈల శబ్దం, ఎదురుగాలిలో ఎక్కువ, 80 కిందికి దిగితే ఆగిపోతుంది." వచ్చే గురువారం పదివేల కిలోమీటర్ల సర్వీస్. కాగితం గ్లవ్ బాక్స్‌లో ఉంది.